ఒక సీస ముచ్చట

నా నడుము చుట్టూ తెల్లటి గీరలు చూశారా? పెట్టెలో పక్క సీసలతో ఏళ్లకేళ్లు రాసుకుని పడ్డవి. పుట్టుకకు నేను 650 మిల్లీలీటర్ల బీరు సీసను. కామారెడ్డిలో ఓ వైన్స్ నుంచి నలుగురు పోరగాళ్లు కొనుక్కుపోయి, చెరువుగట్టున తాగి గడ్డిలోకి విసిరేశారు. ఆ జన్మ ఒక్క సాయంత్రమే. పాత సామాన్ల బండెక్కి ఎల్లారెడ్డి దిక్కు కల్లు దుకాణంలో దిగాకే అసలు బతుకు మొదలైంది. తొట్లో మునగడం, నిండడం, ఖాళీ అయి మళ్లీ తొట్లోకే.

వైన్స్ దగ్గర నన్ను పట్టినవన్నీ మగ చేతులే. ఇక్కడ అట్లా కాదు. నాట్లేసి బురద కడుక్కున్న చేతులు, పొద్దంతా బీడీలు చుట్టి తునికాకు వాసనేసే చేతులు. ముందు నేల మీద రెండు చుక్కలు శాక పోసి, గుడాలు నములుతూ తాగుతారు.

చెట్టు కల్లు పొద్దున తీపి, మాపటికి పులుపు. కానీ ఇన్ని పెట్టెలు నింపే చెట్లెక్కడివి? నీళ్లు కలిశాయి, తీపికి శాక్రిన్ కలిసింది, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం. దుకాణంలో వాటికి ముద్దుపేరు 'మందు'.

2015లో ఆబ్కారీ దాడులతో మందు ఆగింది. రోజూ వచ్చే బీడీల అవ్వ ఒక్క గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఏం గౌడా, నీళ్లమ్ముతున్నవా?"

"ఆబ్కారోళ్లు తిరుగుతున్నరవ్వా. గిప్పటికి గిదే తాగు."

మూడోనాటికి ఆమె చేతిలో నేను గజగజ వణికాను. నా మూతి ఆమె పళ్లకు టకటక కొట్టుకుంది. రాత్రంతా నిద్రలేక గోడతో మాట్లాడిందట. అప్పటికి మాది నిజామాబాద్ జిల్లా. అక్కడా మెదక్‌లోనూ ఇట్లాంటి వాళ్లు ఆస్పత్రులకు వరసకట్టారు. కొన్నాళ్లకు మందు తిరిగొచ్చింది, అవ్వా వచ్చింది. 2025 ఏప్రిల్‌లో, ఇప్పటి మా కామారెడ్డి జిల్లాలోనే, నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగి యాభై మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. దుకాణంలో రెండ్రోజులు అదే ముచ్చట.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో తాగే మగవాళ్లు నూటికి 43 మంది, ఆడవాళ్లు దాదాపు ఏడుగురు. ఆ రెండో అంకె మీద నాకు గురి తక్కువ. ఓనాడు కాగితాలు పట్టుకొచ్చిన ఒక పిల్ల అవ్వను అడిగింది:

"అవ్వా, మందు తాగుతవా?"

అవ్వ నన్ను చాటుగా కూడా పెట్టలేదు. మూతి తుడుచుకుని అంది:

"ఛీ, మందా? ఎన్నడు ముట్టలే బిడ్డా. గీ కల్లే."