పన్నెండు నెలల ఫైనాన్సు, ముప్పై ఆరు నెలల కంప్యూటరు

వాడరేవులో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. బోట్లు ఒడ్డున పడి, వలలు బాగుచేసుకుంటూ జనం కూర్చునే ఆ 61 రోజుల్లోనే బాపట్ల, తెనాలి, రేపల్లె ఇళ్లలో అమెరికా యూనివర్సిటీలు ఇచ్చే ఐ-20 పత్రాల వేట ముమ్మరమవుతుంది. అడ్మిషన్ లెటర్లు అప్పటికే వచ్చి ఉంటాయి. తేలాల్సిందల్లా కుర్రాడు అమెరికా వెళ్లి కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేయాలా, ఫైనాన్సులో చేయాలా అన్నదే. ఈ విషయంలో మేనమామకో అభిప్రాయం, కన్సల్టెన్సీ వాడికో అభిప్రాయం, డల్లాస్‌లో ఉన్న పెదనాన్న గారి అల్లుడికి రెండు అభిప్రాయాలు. కుర్రాడికి ఉందో లేదో ఇంకా ఎవరూ అడగలేదు. చివరికి అందరూ కంప్యూటర్ సైన్సనే తేలుస్తారు. ఫైనాన్సు చదివాడంటే వాయిదాలు కట్టనివాళ్ల బండ్లు లాక్కెళ్లే కంపెనీలో చేరతాడేమోనని రేపల్లెలో ఓ అనుమానం ఎలాగూ ఉంది. అయితే నాకు అర్థమైనంతలో ఇది రెండు చదువుల తగాదా కానే కాదు. మన వైపు కంప్యూటర్ సైన్సును ఎంచుకునేది కంప్యూటరు మీద మోజుతో కాదు, అచ్చమైన ఫైనాన్సు లెక్కతో. ఆ లెక్క తప్పని నేననను. సగంలో ఆపేశారంటాను.

ముందు ఆ సగం లెక్క ఎంత గట్టిదో చూద్దాం. నలభై లక్షల అప్పు, 11 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 4 లక్షల 40 వేలు. మన భాషలో నూటికి దాదాపు తొంభై రెండు పైసలు. చిట్టీలు కట్టే ఏ ఇల్లాలైనా కాగితం లేకుండా చెప్పేస్తుంది, రూపాయి వడ్డీ కంటే నయమేనని ఓ సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. అసలూ వడ్డీ కలిపి పదేళ్లలో తీర్చాలంటే నెలకు 55 వేల పైమాటే. ఇక హామీ సంగతి. బ్యాంకుల విద్యారుణ పథకంలో ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి చూపించాల్సిందే. ఇక్కడే మన డెల్టా వాళ్లకు ఓ పరాభవం ఎదురవుతుంది. 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమిని తన పరిధిలోంచి తప్పించింది. అప్పు మొండికేస్తే కోర్టు చుట్టూ తిరగకుండా స్వాధీనం చేసుకోలేని ఆస్తంటే బ్యాంకుకు అంత మక్కువ ఉండదు. అంచేత కాలవ కింద అయిదెకరాల మాగాణి పెళ్లి సంబంధాల్లో ఎంత గట్టిగా మాట్లాడినా బ్యాంకు మేనేజరు ముందు నోరు మెదపదు. తెనాలిలో ఉన్న రెండు గదుల డాబాయే ముందుకు రావాలి. దాని లింకు డాక్యుమెంట్లు, ఈసీ, తాతల నాటి భాగపంపకాల దస్తావేజు, లాయరు గారి లీగల్ ఒపీనియన్, ఇంజినీరు గారి వాల్యుయేషన్, మధ్యలో ఎక్కడో సంతకం పెట్టకుండా అలిగిన మేనత్త. ఈ రెండు నెలల్లో తండ్రి ఫైనాన్సులో ఎమ్మెస్ పూర్తి చేసేస్తాడు. పట్టా మాత్రం కొడుక్కి, అదీ కంప్యూటర్ సైన్సులో.

అలా ఇల్లు తాకట్టు పెట్టినవాడు అడగాల్సింది సిలబస్ కాదు, అక్కడ ఎన్నాళ్లు ఉండి సంపాదించవచ్చనేది. అమెరికాలో చదువు ముగించిన విదేశీ విద్యార్థికి ఓపీటీ కింద పన్నెండు నెలలు పని చేసుకునే వీలుంటుంది. చదివింది వాళ్ల స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం) జాబితాలో ఉంటే, 2016 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం మరో ఇరవై నాలుగు నెలలు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా మొత్తం మీద 90 రోజులకు మించి గడపకూడదు. ఆ లోపు ఏటా మార్చిలో హెచ్-1బీ ఉద్యోగ వీసాల లాటరీ. అందరికీ కలిపి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. పన్నెండు నెలలవాడికి మామూలుగా ఒక్క లాటరీ, ముప్పై ఆరు నెలలవాడికి మూడు. చాలదన్నట్టు 2026 నుంచి వేతన స్థాయిని బట్టి చీటీలు కూడా పెరుగుతున్నాయి. ఒకటో స్థాయికి ఒకటి, నాలుగో స్థాయికి నాలుగు. కొత్తగా చేరేవాడు ఏం చదివినా కింది మెట్టు మీదే ఉంటాడు కాబట్టి మూడుసార్లు ఆడే అవకాశం ఇంకా విలువైంది. కాబట్టి మేనమామ చెప్పింది ఒప్పే. ఆయనకు కారణం తెలియకపోవచ్చు, అది వేరే విషయం.

మరి లెక్క సగంలో ఆగిందెక్కడ? ఆ ముప్పై ఆరు నెలలు కంప్యూటరు సొత్తు కాదు. అవి ఐ-20 మీద అచ్చయ్యే ఆరంకెల కోడువి. కంప్యూటర్ సైన్సుది 11.0701, జాబితాలో ఉంది. మామూలు ఫైనాన్సుది 52.0801, లేదు. కానీ ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్ 27.0305 ఉంది. ఫైనాన్షియల్ అనలిటిక్స్ 30.7104నీ, బిజినెస్ అనలిటిక్స్‌నీ 2022 జనవరిలో చేర్చారు. అంటే ఒకే యూనివర్సిటీలో, ఒకే అంతస్తులో, పక్కపక్క గదుల్లో చదివే ఇద్దరిలో ఒకడు ఏడాదికే పెట్టె సర్దుకోవచ్చు, రెండోవాడు మూడేళ్లుండొచ్చు. డిగ్రీ పేరు చూసి మోసపోకూడదు, బ్రోచర్లో పేర్లన్నీ గంభీరంగానే ఉంటాయి. కోడెంతని ముందు అడగాలి. అడిగితే బాగుండదేమోనని మొహమాటపడేవాళ్లున్నారు. నలభై లక్షల మొహమాటం మరీ ఖరీదైనది.

కోడు బెంగ తీరాక మిగిలేది గిరాకీ. ఇక్కడ గుంటూరు మిర్చిని తలుచుకోక తప్పదు. ఒక ఏడాది క్వింటా ఇరవై వేలు దాటితే మరుసటి ఏడాది ఊరూరా మిర్చే. తీరా యార్డుకు తెచ్చేసరికి ధర కూలుతుంది, 2025 ఫిబ్రవరిలో క్వింటాకు 11,781 రూపాయల లెక్కన కేంద్రం జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. చదువులదీ అదే వరస. 2023-24లో అమెరికాలోని భారతీయ విద్యార్థులు 3,31,602 మందై చైనాను దాటారు. వాళ్లలో మనవాళ్ల నారుమడి ఏదో వేరే చెప్పక్కర్లేదు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2025లో ఇచ్చిన లెక్కల్లో, ఇరవై రెండు నుంచి ఇరవై ఏడేళ్ల లోపు పట్టభద్రుల్లో కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ల నిరుద్యోగం 6.1 శాతం, తత్వశాస్త్రం చదివినవాళ్లది 3.2 శాతం. ఈ ముక్క బాపట్లలో చెబితే కన్సల్టెన్సీలు తత్వశాస్త్రానికీ కోచింగు పెట్టేస్తాయి, తొందరపడకూడదు. తత్వవేత్తల్లో చాలామంది డిగ్రీ అక్కర్లేని పనుల్లో సర్దుకున్నవాళ్లే. చదువుకు తగ్గ పని దొరికే విషయంలో కంప్యూటరువాళ్లు ఇప్పటికీ ముందు వరసలోనే ఉన్నారు. కాకపోతే పంట విఫలం కాదన్న ధీమా మాత్రం పోయింది.

ఫైనాన్సు వైపూ చూడమనే ఈ మాటకో గట్టి అభ్యంతరం ఉంది. అమెరికా బ్యాంకుల్లో ఫైనాన్సు కొలువంటే మాటకారితనం కావాలి, పరిచయాలు కావాలి, వీసా అనగానే మొహం చాటేస్తారు, పైగా హెచ్-1బీలు ఎక్కువగా తీసుకునే జేపీ మోర్గాన్ లాంటి బ్యాంకు కూడా అందులో చాలా భాగం సాఫ్ట్‌వేరు వాళ్లకే ఇస్తుంది, మరి కంప్యూటరు చదివే బ్యాంకులో చేరొచ్చు కదా అని. చేరొచ్చు, చేరుతున్నారు కూడా. అంతదూరం వెళ్లకుండానే హైదరాబాద్‌లో వెల్స్ ఫార్గో, గోల్డ్‌మన్ శాక్స్ నిండా ఉన్నది ఈ పిల్లలే. దీన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ వాదన మామూలు ఫైనాన్సు మీద చెల్లినంతగా లెక్కల ఫైనాన్సు మీద చెల్లదు. అక్కడ రిస్కు మోడళ్లు రాసేవాడికి మాటకారితనం కంటే సంభావ్యత శాస్త్రమే ఎక్కువ అవసరం. అసలు చిక్కు వేరే ఉంది. కోడింగంటే భయపడి ఫైనాన్సుకు పారిపోయినవాడికి అక్కడ పైథాన్, సీ ప్లస్ ప్లస్ గుమ్మంలోనే ఎదురవుతాయి. బీటెక్‌లో మ్యాథ్స్ పేపరు మూడోసారికి గట్టెక్కినవాడు స్టొకాస్టిక్ కాల్‌క్యులస్ ముందు ఏం చేస్తాడో ఊహించడానికి గట్టి గుండె కావాలి. బీకాం పిల్లల ఇబ్బంది ఇంకో రకం. కంప్యూటర్ సైన్సులో చేరాలంటే ముందస్తు కోర్సులు చాలా చోట్ల అడుగుతారు, అంటే మరో సెమిస్టరు, మరికొన్ని లక్షలు.

పెద్దవాళ్లది ఇంకో అభ్యంతరం, ఫైనాన్సు నేర్చుకోవడానికి అమెరికా దాకా దేనికని. పెనుమూడి వారధి దాటి మచిలీపట్నం వైపు వెళ్తే 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు చదివింది వైద్యం. నాడి చూసే చేత్తోనే బ్యాంకు పెట్టారు, అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసేదాకా మన ఊళ్ల జీతాలూ పింఛన్లూ అందులోనే పడ్డాయి. మాట నిజమే. అయితే పట్టాభి గారు తెనాలి డాబా తాకట్టు పెట్టి డాక్టరు కాలేదు, లాటరీ కోసం మార్చిదాకా ఎదురుచూడనూ లేదు. ఉన్న ఊళ్లో సీఏ గానీ సీఎఫ్‌ఏ గానీ చేసి ఫైనాన్సులో నిలబడేవాళ్లు బోలెడు, ఆ దారి చవక కూడా. అమెరికా లెక్క ఆ చవక దారితో పోటీపడి గెలవాలి. అప్పుచేసి వెళ్లేవాడికి 52.0801 మీద అది గెలవదు, నా ఉద్దేశంలో అన్నిటికంటే నష్టపు బేరం అదే. లెక్కలు బాగా వచ్చినవాడికి 27.0305 కంప్యూటర్ సైన్సుతో సమానంగా నిలుస్తుంది, రద్దీ తక్కువ కాబట్టి ఒక్కోసారి మిన్న కూడా. ఇక ఆ పన్నెండు నెలల మామూలు ఫైనాన్సు నిజంగా కలిసొచ్చేది ఒక్కడికే. అప్పు అక్కర్లేనివాడు, తిరిగొచ్చి నాన్నగారి రైస్ మిల్లు చూసుకోబోయేవాడు. వాడు మాత్రం పక్కింటి కుర్రాడు చేరాడని కంప్యూటర్ సైన్సులో చేరతాడు.