మల్చా, వుడ్ చిప్సా: తేల్చకుండా ఉండే పద్ధతి

డాలస్ శివార్లలో ఇల్లు కొన్నవాళ్లకి ఏటా మార్చిలో పుట్టే సందేహమిది. దీన్ని మే దాకా లాగడం ఎలాగో చెబుతాను. నాకు ఆరేళ్ల అనుభవం ఉంది.

1. ప్రశ్నే తప్పు అనేవాళ్ల మాట వినకండి. తేమ ఆరకుండా, కలుపు మొలవకుండా నేల మీద పరిచేదేదైనా మల్చే. వుడ్ చిప్స్ అందులో ఒక రకం. అంటే మనం కూర వండాలా, వంకాయ వండాలా అని కొట్టుకుంటున్నామన్నమాట. ఒప్పుకుంటే చర్చ అక్కడితో సరి. ఆ తర్వాత పార పట్టుకోవాలి.

2. వాట్సాప్ గ్రూపులో అడగండి. చెక్క ముక్కలు నత్రజని లాగేస్తాయని ఒకాయన వస్తాడు. మట్టిలో కలిపితేనే ఆ బాధ, పైన పరిస్తే పైపొర దాటదు. మీకు తెలిసినా చెప్పకండి. చెదలొస్తాయని ఇంకొకావిడ అంటుంది. గోడకి జానెడు ఎడం వదిలితే చాలు. అదీ చెప్పకండి.

3. లెక్క వెయ్యకండి. 20 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడిలో 3 అంగుళాల మందాన పరవడానికి 2 ఘనపుటడుగుల సంచులు పది చాలు. ఆఫర్ ఉందని నేను పాతిక తెచ్చాను. మిగిలినవన్నీ క్రేప్ మర్టిల్ చెట్టు మొదట్లో పుట్టలా పోశాను. రెండేళ్ల తర్వాత వేలితో తోస్తే బెరడు నానిన అట్టలా ఊడొచ్చింది. మొదలుకి బెత్తెడు దూరంలో ఆపాలని ఆ సంచి మీదే రాసుందట.

4. ఆకులు పారెయ్యండి. ఇది నాకు బాగా ఇష్టమైన చిట్కా. మా ముంగిట్లో లైవ్ ఓక్ సరిగ్గా మార్చిలోనే ఆకు రాలుస్తుంది. శనివారం పొద్దున్నే అన్నీ ఊడ్చి, సంచుల్లో కుక్కి, చెత్త బండి కోసం రోడ్డు పక్కన పెడతాను. మధ్యాహ్నం కారేసుకెళ్లి, రంగేసిన బెరడు తురుము డబ్బిచ్చి తెస్తాను. పోయినేడు మా అమ్మ వరండాలో కూర్చుని ఇదంతా చూసింది. "ఆ సంచులు బయట పెట్టి, ఈ సంచులు లోపలికి తెస్తున్నావేంట్రా?" అంది. ఊళ్లో మల్లెపాదుకి వేరుశనగ తొక్కలు, కొబ్బరిపీచు వేసేది. దానికో పేరుంటుందని ఆవిడకి తెలీదు. ఇక్కడి మట్టీ మన నల్లరేగడి లాంటిదే, ఎండాకాలం వేలు దూరేంత బీటలిస్తుంది. ఆవిడ అది చూడగానే గుర్తుపట్టింది. నేను ఇల్లు కొన్న మూడేళ్లకి, ఎక్కడో చదివి తెలుసుకున్నాను.

5. చెట్లు కొట్టేవాళ్లు చిప్స్ ఊరికే ఇస్తామంటే పుచ్చుకోకండి. ఊరికే వచ్చేదాన్ని దేనితో పోల్చి చూస్తాం?

నిజానికి ఎంచుకోవడం నాకెప్పుడూ కష్టం కాలేదు. నడుం వంచడమే కష్టం. ఆరేళ్లుగా దానికి పరిశోధన అని పేరు పెట్టుకున్నాను.

ఇవాళ హెచ్‌ఓఏ అనే మా కాలనీ సంఘం వాళ్ల ఉత్తరం వచ్చింది, మా మడిలో మోకాలెత్తు తుంగ ఫొటోతో సహా. పది రోజుల్లో మల్చ్ వెయ్యాలట. ఏ రకమో రాయలేదు. గ్రూపులో పెట్టాను.