గడప నుంచి గింజల పళ్లెం దాకా

ఒకప్పుడు నేను గడపను. కోనసీమలో ఒక పెంకుటింటి సింహద్వారం కింద ప్రతి శుక్రవారం పసుపు పూయించుకుని, కుంకుమ బొట్లు పెట్టించుకున్న టేకు చెక్కను. నా నెత్తిన చూరుకు ఏటా సంక్రాంతికి కొత్త వరికంకుల కుచ్చు కట్టేవారు. చూరు సందుల్లో గూళ్లు పెట్టుకున్న పిచ్చుకలు ఆ గింజలు ఒలుచుకు తింటుంటే పొట్టంతా నా మీదే రాలేది.

ఇల్లు పడగొట్టి డాబా వేశారు. స్లాబుకు చూరుండదు, పిచ్చుక గూటికి సందుండదు. కొత్త గుమ్మానికి గ్రానైటు గడప వచ్చింది. నేను కట్టెల కొట్టంలో పడ్డాను. పొయ్యి పాలు కాకుండా నన్ను కాపాడింది ఆ ఇంటి మనవరాలు.

"తాతయ్యా, దీంతో పిచ్చుకలకి ఓ చిన్న ఇల్లు చేయించవా?" అంది.

వడ్రంగి ఆచారిగారు వచ్చి నన్ను పలకలుగా కోశారు. చిత్రిక పడుతుంటే పసుపు పొరల కింద నుంచి పాత టేకు వాసన మళ్లీ లేచింది. అడుగు పొడవు, 9 అంగుళాల వెడల్పున పళ్లెం. గింజలు గాలికి చెదరకుండా చుట్టూ అంగుళం ఎత్తు అంచు. నాలుగు మూలలా బుల్లి స్తంభాలు. పైన పెంకుటింటి మాదిరి వాలుకప్పు. మేకులు కొట్టకుండా కుసి చెక్కి బెజ్జంలో దిగగొట్టారు. నా నడుమ చెక్కి ఉన్న తామరపువ్వును మాత్రం చెదరనీయకుండా కోసి, కప్పు ముందువైపు అతికించారు. ఆ పువ్వు నిలిచినందుకు ఆయన చేతులకు ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.

అందంగా ఉంటుందని తాతయ్య పళ్లెం లోపల కూడా ఎర్రరంగు వేయించి, మామిడికొమ్మకు తాడుతో వేలాడదీశారు. గాలి వీచినప్పుడల్లా ఊగిపోయేదాన్ని. మూడు వారాలు ఒక్క పిట్ట వాలలేదు. తొలకరి వానకు పళ్లెంలో నీళ్లు నిలిచి, సజ్జలు ఉబ్బి బూజు పట్టాయి. నా ఒడిలో తిండి కుళ్లడం కంటే పొయ్యిలో కాలిపోవడమే మేలనిపించింది.

"పిట్ట ముక్కు తగిలే చోట రంగు ఉండకూడదండీ" అంటూ ఆచారిగారు ఉప్పుకాగితంతో రంగంతా గీకేశారు. బరమాతో అడుగున నాలుగు చిల్లులు వేశారు. బయటివైపు అవిసె నూనె పట్టించారు. పిల్లి మాటు వేయడానికి వీల్లేకుండా, పొదలకు దూరంగా అయిదడుగుల స్తంభం మీద నన్ను కదలకుండా నిలబెట్టారు.

నాలుగోనాడు పొద్దున్నే మెడ కింద నల్లమచ్చ ఉన్న మగపిచ్చుక ఒకటి అంచు మీద వాలింది. ఒక నూక ముక్కున కరుచుకుని తుర్రుమంది. కాసేపటికి ఆడపిచ్చుకను వెంటబెట్టుకొచ్చింది. ఆ గోళ్ల గిలిగింత నాకు పాత చూరు రోజులను గుర్తుచేసింది.

కళ్లు తెరవని కూనలకు గింజ అరగదు, పురుగులే కావాలి. అది తెలిశాక తాతయ్య తోటలో పురుగుమందు కొట్టడం మానేశారు. మనవరాలు వారానికోసారి నన్ను కడిగి ఎండబెడుతుంది. పక్కనే మట్టిమూకుడులో నీళ్లు పోస్తుంది.

మీ ఇంట్లోనూ పాత గుమ్మమో గడపో ఉంటే దాన్ని పొయ్యిలో పెట్టకండి. పిట్టలకు పళ్లెం చేయించండి. అడుగున నాలుగు చిల్లులు మాత్రం మరిచిపోకండి.