పక్క బెంచీ బుర్ర ఖరీదెంత?

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారన్న సామెతకు ఫీజు పెట్టాలన్న తెలివి మన పెద్దలకు లేకపోయింది. ఆ లోటును కార్పొరేట్ జూనియర్ కాలేజీలు తీర్చాయి. టాపర్‌కి ఫీజు మాఫీ. వాడు చదివే కాలేజీలో చేరే భాగ్యం కోసం మిగతా పిల్లల నాన్నలు పొలం బేరం పెడతారు. లెక్కలు కూడా గజ్జిలా అంటుకుంటాయని వాళ్ల నమ్మకం.

తీరా చేరాక ఏం జరుగుతుంది? ఆదివారం పరీక్ష, సోమవారం నోటీసు బోర్డు. రెండు లెక్కల్లో ప్లస్‌కి మైనస్ వేసిన కుర్రాడు బకెట్టూ పరుపుచుట్టా ఎత్తుకుని కింది సెక్షన్‌కి నడుస్తాడు. మెట్ల మీద మరో పరుపుచుట్ట ఎదురొస్తుంది. పలకరించుకునే తీరికెక్కడిది, స్టడీ అవర్ గంట కొట్టేశారు! సామెత ఆరు నెలలు అడిగింది. వీళ్లు ఆరు రోజులైనా ఇవ్వరు.

పోనీ, పక్కవాడి తెలివి నిజంగా అంటుకుంటుందా? బోస్టన్, న్యూయార్క్‌లలో ప్రవేశపరీక్ష పెట్టి పిల్లల్ని ఏరుకునే ప్రభుత్వ బడులున్నాయి. కటాఫ్‌కి అటూ ఇటూ ఆగినవాళ్లను పోల్చి ఆర్థికవేత్తలు 2014లో ఒక పరిశోధన అచ్చేశారు. సీటొచ్చినవాడి చుట్టూ మహామహులే, వాడి మార్కులు మాత్రం దాదాపు సీటు రానివాడివే! ఇంగ్లండ్ కథ ఇంకా చేదు. సమాన ప్రతిభ ఉన్న ఇద్దరిలో, ప్రాథమిక తరగతిలో పై ర్యాంకులో ఉన్నవాడే హైస్కూల్లోనూ ముందున్నాడని 2020లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అంటే స్టార్ బ్యాచ్‌లో ఆఖరివాడిగా కూర్చోబెట్టడానికి మనం డబ్బు కట్టి మరీ పిల్లాడి ధైర్యం తీయిస్తున్నామన్నమాట.

సెక్షన్లు విడదీయడమే పాపమనడం లేదు. పశ్చిమ కెన్యాలో 2005లో ఒకటో తరగతిని మార్కుల్ని బట్టి రెండుగా చీల్చి చూశారు. కింది సగం కూడా బాగుపడింది. అక్కడ టీచరు ఆ పిల్లలకు అందే స్థాయిలో చెప్పగలిగాడు. మనవాళ్లు అందులో సగమే నేర్చుకున్నారు, చీల్చడం. పేరున్న లెక్చరర్లు పైకి, అదే సిలబస్ అదే పరుగుతో కిందికి.

రేపు కాలేజీ పీఆర్వో మీ ఇంటికొచ్చి ర్యాంకుల బ్రోచర్ పరుస్తాడు. ఆ ఫొటోల సంగతి పక్కనపెట్టి, ఆఖరి సెక్షన్‌కి లెక్కలు చెప్పే మాస్టారెవరో, ఏడాదిలో అక్కడ ఎంతమంది మాస్టార్లు మారారో అడగండి. అది తేలాకే ఫీజు మాట.