పర్వత్ పాటియాలో పర్వతం లేదు

సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర బస్సు దిగి పర్వతం కోసం వెతక్కండి. గుట్ట కాదుగదా, ఎక్కి కూర్చోవడానికి ఎత్తయిన అరుగు కూడా దొరకదు. చీరల మూటలతో ఊగే టెంపోలు దొరుకుతాయి. గుజరాతీలో పాటియా అంటే బోర్డు. పర్వత్ అనే ఊరికి ఇక్కడ తిరగాలని చెప్పే బోర్డు పాతిన చోటన్నమాట. ఊరు లోపలెక్కడో ఉంది, పేరంతా బోర్డు కొట్టేసింది.

ఈ సంగతి చెబితే మా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. మరి వాళ్ళ సరుకు సంగతో? జావాస్క్రిప్టులో జావా లేదు. 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో వండి దించిన ప్రోగ్రామింగ్ భాషకు, అప్పుడు ఊపుమీదున్న జావా పేరు తాలింపు పెట్టారు. పైథాన్‌లో కొండచిలువ లేదు, మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం ఉంది. బోర్డులు చూసి మోజుపడేవాళ్ళకు పర్వత్ పాటియా కంటే తగిన ఊరు ఏముంటుంది?

అందుకే కాబోలు, మా సాఫ్ట్‌వేర్ మహాసభ అక్కడే జరిగింది. ఒక చీరల సేఠు తన కొట్టుకు సాఫ్ట్‌వేర్ కావాలన్నాడు. ఆయన అడిగినవి నాలుగంటే నాలుగు. మిల్లుకు పంపిన గ్రే తాకాలు, అంటే రంగెక్కని బట్ట తానులు, రంగూ ప్రింటూ పడి తిరిగొచ్చేసరికి ఎన్ని మీటర్లు తగ్గాయి? ఏ దలాలు తెచ్చిన పార్టీకి ఎన్ని రోజుల గడువు? వటావ్ అనే తగ్గింపు కింద ఎంత వదిలాం? అమ్మిన చీరల్లో ఎన్ని రిటర్న్ వచ్చాయి?

మేం నలుగురం తెలుగు ఇంజనీర్లం, అందరం సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికిన ఇళ్ళ పిల్లలం. సేఠు నాలుగు ప్రశ్నలకు మేం నాలుగు భాషలు తెచ్చాం. ఒకడు జావా అన్నాడు, బ్యాంకులన్నీ దాని మీదే నడుస్తాయట. ఒకడు పైథాన్ అన్నాడు, రేపు కృత్రిమ మేధ కలపొచ్చట. మూడోవాడు రస్ట్ తప్ప మరోటి ముట్టనన్నాడు, మడి కట్టుకున్నాడు. నేను గో అన్నాను. గూగుల్‌వాళ్ళు చేశారు గనక మంచిదే అయి ఉంటుందని నా వాదన.

సేఠు దగ్గర ఉన్నవి రెండు కంప్యూటర్లు, వాటి ముందు ముగ్గురు గుమస్తాలు. మేం మాత్రం కోటిమంది ఒకేసారి మీద పడితే సర్వర్ తట్టుకోవాలని తలలు బద్దలు కొట్టుకున్నాం. సూరత్ సూరతంతా కలిసి ఆ కొట్లోకి దూరినా ఆ లెక్క తేలదు. ఆరు వారాలు గడిచాయి. చాయ్ ఖర్చు పద్దు ఒక్కటే పెరిగింది, దాన్నీ మునీమ్‌జీ ఎర్రట్ట చోప్డాలోనే, అంటే ఖాతా పుస్తకంలోనే రాశాడు.

ఒకరోజు ఆ మునీమ్‌జీయే అడిగాడు: "రిటర్న్ వచ్చిన చీర ఏ లాటుదో మీ పెట్టె చెబుతుందా?" నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చీరకు లాటు ఉంటుందని మా నాలుగు భాషల్లో ఏ ఒక్కటీ మాకు చెప్పలేదు మరి.

ఆ రాత్రి లింబాయత్‌లో ఇంటికెళితే తాత పలకరించాడు. కరీంనగర్ నుంచి వలసొచ్చి నలభై ఏళ్ళు సాంచాలు నడిపిన మనిషి.

"ఏం బట్ట నేస్తున్నర్రా?"

"అదింక తేలలే తాతా. ముందు ఏ సాంచానో చూస్తున్నం."

"బట్ట తేలకుండ సాంచా ఎవడు కొంటడు బిడ్డా?"

ఆయన చదివింది మూడో తరగతి. కానీ సాదా బట్టకు టాపెట్ చాలని, చిన్న బుటాలకు డాబీ కావాలని, పెద్ద పూలకైతే జకార్డు పెట్టాలని తెలుసు. నీళ్ళ ధారతో పేక విసిరే వాటర్‌జెట్ మగ్గం పాలిస్టర్‌కు దివ్యంగా పనిచేస్తుంది. అదే మగ్గం మీద గంజి పెట్టిన నూలు పడుగెక్కిస్తే గంజి కడుక్కుపోయి పోగులు పుటుక్కుమంటాయి. అలాగని నూలు నేసేవాడు వాటర్‌జెట్‌ను తిట్టడు, పాలిస్టర్ నేసేవాడు దానికి గుడి కట్టడు. లుంగీ నెయ్యడానికి జకార్డు కావాలని పేచీ పెట్టినవాణ్ణి నేత వాడల్లో నేనెన్నడూ చూడలేదు. వాడు ఇంజనీరింగ్ చదివి మా మీటింగులో కూర్చున్నాడు.

ఇంకో సిగ్గుచేటు సంగతి. అసలు ప్రోగ్రామింగ్ పుట్టిందే మగ్గం నెత్తిన. ఫ్రాన్సులో జకార్డ్ 1804లో చిల్లులు పొడిచిన అట్టలతో పూలు నేయించాడు. ఆ అట్టల ఊహనే బాబేజ్ తన లెక్కల యంత్రానికి తెచ్చుకున్నాడు. 1843లో అడా లవ్‌లేస్ ఆ యంత్రం పనిని జకార్డు నేతతోనే పోల్చింది. అంటే అట్టలు కట్టిన ఇళ్ళ పిల్లలం మేం, తాతల విద్యే తిరిగొచ్చి మా ఒళ్ళో పడితే దాని అంచు రంగు మీద కొట్టుకున్నాం.

భాష అసలు లెక్కలోకే రాదా? ఎందుకు రాదు, పోగును బట్టి వస్తుంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్‌లో పుట్టిన ఎర్లాంగ్‌ను వాట్సాప్ పట్టుకుంది, కొద్దిమంది ఇంజనీర్లతోనే కోట్లమంది సందేశాలు మోసింది. తన భద్రతా లోపాల్లో సుమారు 70 శాతం మెమరీ తప్పులవేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పుకుంది. అలాంటి చోట ఆ తప్పులను ముందే ఆపే రస్ట్ కావాలనేవాడికి దణ్ణం పెట్టాలి. వాళ్ళకు రోగం తెలిసింది, మందు వెతికారు. మేం మందు చేతబట్టుకుని రోగి కోసం సూరత్ బజారంతా తిరిగాం.

ఖాతాలు రాసే ట్యాలీ సంగతి చూడండి. జౌళి మిల్లులకు సామాను సరఫరా చేసే శ్యామ్‌సుందర్ గోయెంకా తన ఖాతాలకు సరిపడే సాఫ్ట్‌వేర్ దొరక్క, కొడుకు భరత్ చేత రాయించుకున్నాడు. అక్కడ లెక్క ముందు పుట్టింది, పెట్టె తర్వాత. అది ఏ భాషలో రాశారని దేశంలో ఏ మునీమూ ఇంతవరకూ అడిగిన పాపాన పోలేదు.

నిజం చెప్పేస్తాను. గూగుల్ మీద భక్తితో నేను గో అనలేదు. హైదరాబాద్ ఉద్యోగ ప్రకటనల్లో ఆ నెల అది బాగా పలుకుతోంది. మిగతా ముగ్గురిదీ అదే జబ్బు. సేఠు సొమ్ముతో మా బయోడేటాలకు జరీ అంచు కుట్టించుకుందామని బయల్దేరాం. ఈ జబ్బుకు పుట్టిల్లు అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ కోర్సుల బోర్డులు మారినప్పుడల్లా మన పిల్లల ఇష్టదైవాలు మారుతుంటాయి. అది మన తెలుగువాళ్ళ అసలైన పాటియా.

చివరికి సేఠు ఆ పని ఒక బీకాం కుర్రాడికి ఇచ్చాడు. వాడు మొదటి వారం కంప్యూటర్ తెరవలేదు. తెల్ల పరుపు మీద మునీమ్‌జీ పక్కన చతికిలబడి చోప్డా పేజీ పేజీ తిప్పించుకున్నాడు. రిటర్న్ మూట విప్పి, ఏ చీర ఎందుకు తిరిగొచ్చిందో చేత్తో తడిమి చూశాడు. తర్వాత మేం నలుగురం ఏకగ్రీవంగా వెక్కిరించే ఒకే ఒక్క భాష, పీహెచ్‌పీలో రాసి పారేశాడు. లాటు నంబరుతో సహా.

మేం పాటియా దగ్గరే నిలబడి, బోర్డు మీద అక్షరాలు ఏ రంగులో ఉండాలో తేల్చుకుంటున్నాం. వాడు ఊళ్ళోకి నడిచాడు.