డిప్‌స్టిక్ తీసి చూడలేదు

పాత బండి కొన్నవాడు మొదట చేయాల్సిన పని, ఇంజిన్ పక్కనున్న మూత విప్పి, డిప్‌స్టిక్ తుడిచి, ఆయిల్ ఎంతుందో చూసుకోవడం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ చూడలేదు. తెలియక చేసిన పనైతే నన్ను నేను క్షమించుకునేవాణ్ణి. ఇది తెలిసి చేసిన తెలివితక్కువ పని. ఇంకొకరు చేయకూడదనే రాస్తున్నాను.

నేను కొన్నది హీరో హోండా స్ప్లెండర్. అమ్మినాయన మా ఆఫీసులో నాకంటే పెద్దవారు, నేను గౌరవించే మనిషి. "మొన్ననే సర్వీసింగు చేయించాను బాబూ, నువ్వేమీ చూసుకోనక్కర్లేదు" అన్నారు. ఆ మాట విన్నాక ఆయన ఎదుటే మూత విప్పాలంటే మొహమాటం అడ్డొచ్చింది. ఆయన్ని అనుమానించినట్టు అవుతుందేమో అనిపించింది. సరే, ఇంటికి తెచ్చుకున్నాక నన్ను ఆపినవాళ్లెవరూ లేరు కదా. అప్పుడూ చూడలేదు. పెద్దమనిషి చెప్పారు, అంతే చాలనుకున్నాను.

అలాగని బండిని గాలికొదిలేయలేదు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకుని ఆర్‌సీ నా పేరుకు మార్పించుకున్నాను. బీమా మార్పుకు 14 రోజుల్లోగా దరఖాస్తు చేసుకోవాలని తెలుసుకుని, గడువులోపే ఆ పనీ పూర్తిచేశాను. కొత్త సీటు కవరు వేయించాను, ట్యాంకుకు పాలిష్ పెట్టించాను, అద్దాలు మార్పించాను. నలుగురి కంటికి కనపడేవన్నీ శ్రద్ధగా చేయించాను. లోపల తిరిగే ఇంజిన్ ఎలా ఉందో మాత్రం పట్టించుకోలేదు.

ఇలాంటి వంద సీసీ బండిలో ఆయిల్ లీటరుకు కాస్త అటూ ఇటూగా పడుతుంది. ఆ కొద్దిపాటి ఆయిలే పిస్టన్‌ను, క్లచ్ ప్లేట్లను, గేర్లను, అన్నింటినీ కాపాడాలి. ఇంజిన్ గాలికే చల్లారాలి కాబట్టి లోపలి వేడిని మోసేదీ చాలావరకు అదే. రింగులు అరిగిన పాత బండి ఆయిల్‌ను కొద్దికొద్దిగా తాగేస్తూ ఉంటుంది. సైలెన్సర్ నుంచి వచ్చే నీలం పొగే దానికి గుర్తు. మా అబ్బాయి ఆ పొగ చూసి ఒకసారి చెప్పాడు కూడా. పాత బండి అన్నాక పొగ రాదా అని వాడి నోరు మూయించాను. ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు ఈ బండికి ఉండదు. మూత విప్పి చూస్తే తప్ప తెలిసే దారి లేదు.

అమ్మను వెనక కూర్చోబెట్టుకుని విజయవాడ నుంచి మచిలీపట్నం వెళుతున్నాను. కంకిపాడు దాటాక బండి లాగడం తగ్గింది. ఇంజిన్ నుంచి ఏదో గీరుతున్న చప్పుడు మొదలైంది. ఇంకాస్త యాక్సిలేటర్ ఇచ్చాను. నా తెలివితక్కువతనానికి అది పరాకాష్ఠ. ఒక్కసారిగా ఇంజిన్ పట్టేసింది, వెనక చక్రం బిగిసి రోడ్డు మీద జారింది. చెయ్యి దానంతటదే క్లచ్ నొక్కడంతో చక్రం మళ్లీ తిరిగి, బండి పడకుండా పక్కకు తీయగలిగాను. వెనక వస్తున్న లారీ హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటి వెళ్లింది. అమ్మ నా భుజం వదల్లేదు, ఒక్క మాటా అనలేదు. ఆ రోజు ఆమెకు ఏమైనా జరిగి ఉంటే నా మొహమాటం ఎవరికి జవాబు చెప్పేది?

మెకానిక్ డ్రెయిన్ బోల్టు విప్పితే నల్లటి జిగురులాంటిది కొద్దిగా కారి ఆగిపోయింది. "ఆయిల్ ఎప్పుడు మార్పించారండీ?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. బోరు గీరుకుపోయింది. రీబోర్ చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయించాల్సి వచ్చింది. ఒక్క లీటరు ఆయిల్ ధరతో పోయేదానికి ఇంజిన్ మొత్తం విప్పించాను.

అమ్మినాయన నాతో అబద్ధం చెప్పలేదు. ఆయన సర్వీసింగు చేయించిన మాట నిజమే. ఆ తర్వాత బండి చాలాకాలం ఇంటిముందే ఉండిపోయింది, అప్పుడప్పుడూ బజారుదాకా మాత్రం తిరిగింది. ఆయన లెక్కలో అది మొన్నే. నిలబెట్టిన బండిలో కూడా ఆయిల్ పాతబడుతుంది. మనిషి మంచితనం వేరు, ఇంజిన్‌లో ఆయిల్ వేరు. మొదటిది చూసి రెండోది ఉందని నమ్మడమే నేను చేసిన తప్పు.

ఇంజిన్ విప్పిన రోజే మిగతావీ చూడమన్నాను. వెనక టైరుకు గాడి ఉంది గానీ పక్కల పగుళ్లున్నాయి. టైరు మీదుండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2215 అని ఉంటే 2015లో 22వ వారంలో తయారైనట్టు. నా టైరు నేను అనుకున్నదానికంటే చాలా పాతది. పెడల్ తొక్కితే వెనక బ్రేకు దగ్గరి బాణం గుర్తు చివరి గీతదాకా వచ్చేసింది, అంటే బ్రేక్ షూలు అయిపోయాయి. చైన్ కవరు రబ్బరు మూత తీసి చూస్తే చైను వేలాడుతోంది. అది అంగుళం మేర ఆడితే చాలు. గాలి కూడా అంతే. ముందు చక్రానికి 25, వెనక చక్రానికి ఒక్కరైతే 28, ఇద్దరెక్కితే 41 పీఎస్‌ఐ ఉండాలి. అమ్మను ఎక్కించుకున్న రోజు అదీ చూసుకోలేదు.

ఇప్పుడు నాకు ఒకటే నియమం. పాత బండి గతం మనకు తెలియదు, కాబట్టి దాని లెక్క మన చేతికొచ్చిన రోజు నుంచే మొదలుపెట్టాలి. ఆయిల్ ఎలా ఉన్నా మార్పించేయాలి, అదీ బైకులకు చేసిన ఆయిలే. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, బ్రేక్ షూలు, చైను, కేబుళ్లు, టైర్లు ఒక్కొక్కటీ చూపించి, మార్చిన తేదీ, మీటరు రీడింగ్ ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఆ తర్వాత పది పదిహేను రోజులకోసారైనా బండిని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడాలి. స్ప్లెండర్‌కైతే చూసేటప్పుడు దాన్ని మర బిగించకూడదు, ఊరికే లోపల పెట్టి తీయాలి.

మీరు పాత బండి కొంటుంటే అమ్మేవాళ్ల ఎదుటే ఆయిల్ చూడండి. అది వాళ్లను అవమానించడం కాదు, నిజాయితీపరులెవరూ అలా అనుకోరు. మొహమాటం అడ్డొస్తే ఇంటికి తీసుకెళ్లే దారిలోనే మెకానిక్ దగ్గర ఆపండి. ఆయిల్ మార్పించిన తర్వాతే ఇంట్లోవాళ్లను వెనక ఎక్కించుకోండి.