రెండో కాగితం

చీపురుపల్లి స్టేషను దగ్గర టీకొట్లో ఆ సాయంత్రం చైనావాళ్లు మాట్లాడుకుంటున్నారు. అదీ తెలుగులో. టీ కలిపే కుర్రాడు పంచదార డబ్బాకి ఫోను ఆనించి డబ్బింగు సీరియల్ పెట్టుకున్నాడు. కోటీశ్వరుడి కొడుకెవడో పేదింటి పిల్లని వానలో నిలబెట్టి, "నువ్వెవరో నాకు తెలియదు" అంటున్నాడు. పిల్ల ఏడుస్తోంది. కాటుక మాత్రం చెదరడం లేదు.

"ఈ పిల్లకి ఎంతిస్తారంటారు మేస్టారూ?" అన్నాడు కుర్రాడు, గిన్నెలో గరిటె ఆపకుండా.

నేను లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చీపురుపల్లికి కూతవేటు దూరంలో మా ఊరు. అక్కడ అమ్మవారి పండగ కమిటీకి పద్దులు రాసేది కూడా నేనే. ఎవరన్నా "ఎంత" అని అడిగితే నోరు కట్టుకోవడం నావల్ల కాదు. ఆ రోజు నేను వచ్చిన పనీ అలాంటిదే. పండగకి హరిశ్చంద్ర కాటిసీను ఒప్పుకున్న బృందానికి బయానా ఇవ్వాలి. హరిశ్చంద్రుడు వేసే ఆయన బల్ల చివర కూర్చుని టీ తాగుతున్నాడు. పగలు తాపీపని చేస్తాడు. వేళ్ల సందుల్లో సిమెంటు ఇంకా వదల్లేదు.

"ఈ పిల్ల సంగతి తెలీదు గానీ, ఇంకో పిల్ల సంగతి చెప్తాను విను" అన్నాను.

జెంగ్ షువాంగ్ అని చైనాలో ఓ నటి. 2019లో ఒక సీరియల్లో 77 రోజులు పనిచేసింది. దానికి ఒప్పుకున్న మొత్తం 16 కోట్ల యువాన్లు. మన డబ్బుల్లోకి మారిస్తే రోజుకి రెండు కోట్ల ముప్పై లక్షల పైమాటే. సంగతి బయటపడ్డాక అక్కడి జనం కోపం పట్టలేక వెటకారానికి దిగారు. ఆ అమ్మాయి రోజుకూలికి ఆవిడ పేరే పెట్టేశారు. ఒక షువాంగ్ అంటే రోజుకి ఇరవై లక్షల ఎనభై వేల యువాన్లు. మనం కుంచాల్లో వడ్లు కొలిచినట్టు వాళ్లు జీతాల్ని షువాంగుల్లో కొలుచుకున్నారన్నమాట. మాకు నెలకి సున్నా పాయింటు సున్నా సున్నా ఎంతో షువాంగ్ అని.

కుర్రాడు గరిటె ఆపాడు. "రోజుకే?"

"రోజుకే. నిద్రపోయిన గంటలు కూడా కలుపుకుని."

అక్కడున్న చీటీ వెనక్కి తిప్పి లెక్క మొదలుపెట్టాను. 2024 లెక్కన ఉపాధిహామీ పనికి వెళ్తే రోజుకి 300 రూపాయలు. అప్పట్లో ఏడాదికి వంద రోజుల పని. ఆ అమ్మాయి ఒక్కరోజు సంపాదన మన కూలీ చేతికి రావాలంటే ఎన్నేళ్లు పడుతుంది? భాగహారం చేస్తే 766 ఏళ్లు తేలింది. కోణార్కలో నరసింహదేవుడు గుడి కట్టించే రోజుల్లో గునపం పట్టినవాడు, మధ్యలో ఒక్క ఏడూ మానకుండా తవ్వుకుంటూ వస్తే, ఇప్పటికి ఆ పిల్ల ఒక్కరోజు సంపాదన వాడి చేతికొస్తుంది.

టీకొట్లో నలుగురూ నవ్వారు. హరిశ్చంద్రుడు నవ్వలేదు. "నీళ్లతో సమానం మేస్టారూ అంత డబ్బు" అన్నాడు మెల్లిగా. "ఏటి సేస్కుంటాది?"

ఆ ప్రశ్న దొరికితే నేను వదుల్తానా. డబ్బు విలువ గురించి ఉపన్యాసం మొదలైంది. త్యాగయ్యగా జనంచేత దణ్ణాలు పెట్టించుకున్న చిత్తూరు నాగయ్య ఆఖరి రోజుల్లో చిన్నాచితకా వేషాలకి ఒప్పుకోవాల్సి రావడం చెప్పాను. సావిత్రిని చెప్పాను. ఆవిడ కథతో 'మహానటి' వచ్చింది 2018 మే నెలలో. హాల్లో మా ఆవిడ పైటచెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, నేను మాత్రం ఇంటర్వెల్లో బయటికెళ్లి కళ్లు తుడుచుకుని సమోసా పట్టుకొచ్చాను. మన విజయనగరంలోనే సంగీతం నేర్చుకోడానికొచ్చిన ఘంటసాల జోలె భుజాన వేసుకుని మధుకరం ఎత్తుకున్న సంగతీ చెప్పాను. ఆ గొంతు పలికించిన డబ్బెంత, ఆ జోలెలో పడ్డ అన్నం ముద్ద విలువెంత?

ఈ మాట నాకే బాగా నచ్చి ఒక నిమిషం ఆగాను. ఎవరూ ఏమీ అనలేదు. కలకత్తా వైపు వెళ్లే గూడ్సు ఒకటి నిదానంగా వెళ్లిపోయింది.

"అయితే మేస్టారూ, ఆ సైనా పిల్లకి అంత డబ్బు ఇస్తే గవర్మెంటు ఊరుకుందా?" అన్నాడు కుర్రాడు.

"ఊరుకోలేదు. అసలు కథ అక్కడే ఉంది."

సరిగ్గా మనం సావిత్రి కోసం ఏడుస్తున్న ఆ మే నెలలోనే చైనాలో మరో గొడవ లేచింది. ఫాన్ బింగ్‌బింగ్ అని అక్కడ పెద్ద నటి. టీవీ వ్యాఖ్యాత ఒకాయన ఆవిడవేనన్నట్టు ఏవో ఒప్పందం కాగితాలు జనం ముందు పెట్టాడు. తరవాత ఆయన ఆ మాట మీద కాస్త వెనక్కి తగ్గాడు గానీ పన్నులవాళ్లు తగ్గలేదు. తీగ లాగారు. ఆవిడ మూడు నెలలపాటు ఎవరికీ కనిపించలేదు. అక్టోబరులో లెక్క చెప్పారు. ఒక సినిమాకి ఆవిడ పుచ్చుకున్నది 3 కోట్ల యువాన్లు, పన్నుకి చూపించింది కోటి. మిగతా రెండు కోట్లకీ వేరే కాగితం. కంపెనీలతో సహా అన్నీ కలిపి బకాయిలు, జరిమానాలు 88 కోట్ల యువాన్లు దాటాయి. మన లెక్కలో తొమ్మిది వందల కోట్ల పైనే. షువాంగ్ కూడా తప్పించుకోలేదు. 2021 ఆగస్టులో ఆవిడకి దాదాపు 30 కోట్ల యువాన్లు పడింది.

"రెండు కాయితాలేటి?" అన్నాడు హరిశ్చంద్రుడు. ఆయన ఆసక్తిగా అడిగిన మొదటి మాట అదే.

ఓపిగ్గా చెప్పాను. పిల్లలకి వడ్డీ లెక్కలు చెప్పినట్టే. ఒక పనికి రెండు ఒప్పందాలు రాసుకుంటారు. ఒకదాంట్లో చిన్న అంకె. అది అందరికీ చూపించేది. ఇంకోదాంట్లో పెద్ద అంకె. అది బీరువాలో దాచుకునేది. అక్కడివాళ్లు వీటిని యిన్-యాంగ్ ఒప్పందాలంటారు. ఒకటి నీడ, ఒకటి ఎండ. పని ఒకటే, మనిషి ఒకటే, అంకెలు రెండు.

"దొంగతనమే గదా?" అన్నాడాయన.

"దొంగతనం కాదా మరి? కాగితం మీద ఒకటి, చేతిలో ఒకటి! సత్యహరిశ్చంద్రుడు వేసేవాడివి, నీకు నేను చెప్పాలా?"

ఆయన సిగ్గుపడి టీగ్లాసు కింద పెట్టాడు. బయానా కింద మూడు వేలు చేతిలో పెట్టాను. లెక్కపెట్టకుండానే జేబులో వేసుకున్నాడు. "మేస్టారు సేతి డబ్బు, లెక్కేటి" అన్నాడు.

పండగనాటి రాత్రి కాటిసీను ఒంటిగంటకి మొదలైంది. అప్పటికి జనం సగం నిద్రలో ఉన్నారు. హార్మోనియం ఒక్కసారి గొంతు సవరించుకునేసరికి లేచి కూర్చున్నారు. మా వైపు కాటిసీనుకి ఉన్న పట్టు ఇంకే సీనుకీ లేదు. ముసలివాళ్లకి పద్యాలు నోటికి వచ్చు. ఆయన ఎక్కడ రాగం ఎత్తుకుంటాడో, ఎక్కడ ఊపిరి తీస్తాడో ముందే తెలుసు. అయినా ఎదురుచూస్తారు. సిమెంటు చేతులు నల్ల కంబళిలో దాచుకుని ఆ మనిషి స్మశానంలో నిలబడితే, ఇటుక మీద ఇటుక పేర్చేవాడి గొంతులో ఇంత కారుణ్యం ఎక్కడ దాగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఒక్కో పద్యానికి వన్స్‌మోర్. పది, ఇరవై, యాభై. జనం స్టేజీ ఎక్కి పిన్నీసులతో కంబళికి నోట్లు గుచ్చారు.

లోహితుణ్ణి చేతుల్లో వేసుకుని చంద్రమతి వచ్చింది. కాటిసుంకం కట్టాలన్నాడు కాపరి. కట్టడానికి ఏమీ లేదంది. మా యజమాని వీరబాహుడి సొమ్ము, నా బిడ్డ శవమైనా దమ్మిడీ తగ్గించను అన్నాడు. అబద్ధమాడితే రాజ్యం ఉండేది, సుంకం వదిలేస్తే బిడ్డ చితి లేచేది. రెండూ చెయ్యడు. నేను ముందు వరసలో కుర్చీలో కూర్చుని భోరున ఏడ్చాను. పక్కనున్న కమిటీ పెద్ద నా భుజం తట్టి, "రిటైరైనాక మనసు మెత్తబడిపోతాది మేస్టారూ" అన్నాడు.

తెల్లవారుతుండగా రామకోవెల అరుగు మీద పద్దుల పుస్తకం తెరిచాను. ముఖానికి కొబ్బరినూనె రాసి రంగు తుడుచుకుంటూ ఆయన వచ్చాడు. చెవుల వెనకాల ఇంకా తెల్లగానే ఉంది. వెనక చంద్రమతి లుంగీ కట్టుకుని బీడీ ముట్టించుకున్నాడు. నక్షత్రకుడు హార్మోనియం మోస్తున్నాడు.

మాట్లాడుకున్నది 20 వేలు. బయానా మూడు పోగా పదిహేడు లెక్కపెట్టి ఇచ్చాను. ఆరుగురు మనుషులు, ఒక రాత్రి. ఓచరు ముందుకు జరిపాను. రెవెన్యూ స్టాంపు ముందే అతికించి ఉంచాను.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నేను కమిటీ డబ్బు పైసా ముట్టుకోను. ఊళ్లో ఎవరినైనా అడగండి. అయితే పండగన్నాక చందా పుస్తకంలో రాయలేని ఖర్చులుంటాయి. రాత్రంతా స్టేజీ కాసిన కుర్రాళ్లకి సీసాలు కావాలి. పెద్దలకి మర్నాడు మాంసం భోజనం కావాలి. స్టేజీ ఎక్కి శాలువా కప్పించుకున్న వాళ్లలో సగంమంది శాలువాలు మేమే కొన్నవి. ఇవన్నీ ఏ ఖాతాలో వెయ్యాలి? అమ్మవారి ఖాతాలో వెయ్యలేం కదా. కాబట్టి ఏటేటా నాటకం ఖాతాలో వేస్తాం. నాటకం ఎంత ఖర్చయిందని ఎవరూ అడగరు. ముందు వచ్చిన బృందాలూ సంతకం పెట్టే వెళ్లాయి.

ఆయనకి చదువు కొంచెం వచ్చు. పద్యాలు పుస్తకం చూసే నేర్చుకున్నాడు. ఓచరు మీద వేలు పెట్టి అంకె దగ్గర ఆగాడు.

"ముప్పై ఐదు వేలని ఉంది మేస్టారూ."

"అది కాగితం మీద. ఏదో పైఖర్చులుంటాయి. నీకు మాట్లాడింది నీకొచ్చింది కదా?"

"వొచ్చీసినాది" అన్నాడు. అబద్ధం ఆడడు కదా.

పెన్ను తీసుకున్నాడు. స్టాంపు మీద ఆనించి ఆగాడు. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా నా ముఖంలోకి చూశాడు.

"మేస్టారూ, ఒకటి అడగనా? ఆ సైనా అమ్మకి రెండు కాయితాలన్నారు గదా. ఆ రెండో కాయితం డబ్బులు ఎవలకెల్లినాయి?"

"ఎవరికేమిటి, ఆవిడకే."

"రెండు కాయితాలవీనా?"

"రెండూ ఆవిడకే. అందుకేగా పట్టుకున్నారు."

ఆయన తల పంకించి, వంకర లేకుండా, కూడబలుక్కుంటూ పూర్తి పేరు రాశాడు. పెన్ను మూత పెట్టి నా చేతికిచ్చాడు.

"అయితే ఆ సినేమావోలు మంచోలే మేస్టారూ" అన్నాడు. "రెండో కాయితం డబ్బులు కూడా ఆట ఆడినోలకే ఇచ్చీసినారు."